మస్ట్, షుడ్, మన "ఆలి"

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అమెరికా క్లయింటుకి "యు మస్ట్ సెండ్ ద లాగ్స్ టుడే" అని మెయిలు కొట్టింది. గంటలో వ్యవహారం పై మేనేజరు దాకా వెళ్ళింది, మీవాళ్ళు ఆర్డర్లు వేస్తున్నారేంటని. పాపం ఆ పిల్ల మనసులో అనుకున్నది "మీరు ఈ రోజు లాగ్స్ పంపాలండీ" అని. ఆ "మీరు", ఆ "అండీ" ఇంగ్లీషులోకి రాలేదు. "ఆలి" ఒక్కటే మస్ట్ అయి కూర్చుంది. ఆ ఏడాది అప్రైజల్లో కమ్యూనికేషన్ బాలేదని రాశారు. నా మటుకు అది అన్యాయం.

చిక్కంతా ఈ "ఆలి"తోనే (భార్య కాదండోయ్, క్రియ చివర వచ్చేది). మస్ట్, షుడ్, హావ్ టు మూడూ మనకి "చెయ్యాలి"యే. మరీ గట్టిగా అనాలంటే "చెయ్యాల్సిందే" అంటాం. ఊహకి కూడా అదే. "వాడీపాటికి ఇల్లు చేరి ఉండాలి" అన్నామనుకోండి, ఇంగ్లీషులో మస్ట్ హావ్ అనొచ్చు, షుడ్ హావ్ అనొచ్చు. మొదటిది దాదాపు రూఢి. రెండోదాంట్లో చేరాడో లేదో అన్న గుబులుంది. పైగా దానికి "చేరాల్సింది, చేరలేదు" అన్న అర్థమూ ఉంది!

వద్దనేటప్పుడు మాత్రం తెలుగే నయం. చెయ్యకూడదు, చెయ్యక్కర్లేదు. పొరబడే వీల్లేదు. మస్ట్‌కి నాట్ తగిలిస్తే నిషేధం అయిపోతుంది. అక్కర్లేదు అనడానికి డోంట్ హావ్ టు వెతుక్కోవాలి.

ప్రోగ్రామర్లకి ఈ గొడవ 1997లోనే తీర్చారు. స్కాట్ బ్రాడ్‌నర్ రాసిన ఆర్ఎఫ్‌సీ 2119 ప్రకారం మస్ట్ అంటే తప్పనిసరి, షల్ అన్నా అదే. షుడ్ అంటే తగిన కారణం ఉండి, పర్యవసానాలు ఆలోచించుకున్నాక మానెయ్యొచ్చు. మే అంటే మీ ఇష్టం. 2017లో ఆర్ఎఫ్‌సీ 8174 వచ్చి, క్యాపిటల్ లెటర్లలో రాస్తేనే ఈ అర్థాలు, లేకపోతే మామూలు ఇంగ్లీషే అని తేల్చింది.

కోర్టుల సంగతి ఇంకా తమాషా. మన దేశంలో సందర్భాన్నిబట్టి చట్టంలోని షల్‌ని "పాటిస్తే మంచిది"గా, మేని "తప్పనిసరి"గా చదివిన తీర్పులున్నాయి. అమెరికా ప్రభుత్వ ప్లెయిన్ లాంగ్వేజ్ మార్గదర్శకాలైతే షల్ మానేసి మస్ట్ రాయమన్నాయి.

రిక్వైర్‌మెంట్స్‌లో షుడ్ కనబడితే నేనైతే ముందు అడిగేస్తా, ఇది 2119 షుడ్డా, మామూలు షుడ్డా అని. ఇంతవరకూ ఒక్క క్లయింటూ సూటిగా చెప్పలేదు.