మోనే పొలంలో నలుగురు మనుషులు

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవాలంటే ముందు ఒక పెద్ద కళాకారుడి తస్వీర్‌ని నఖల్ చెయ్యమన్నారు మా ఉస్తాద్. నఖల్ అంటే దొంగతనం కాదు. ఖుష్‌ఖత్ నేర్చుకునే షాగిర్ద్, ఉస్తాద్ రాసిచ్చిన అలిఫ్‌ని, బేని చెయ్యి తిరిగేదాకా మష్ఖ్ చేస్తాడు కదా, ఇదీ అంతే. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కూడా పటం ముందు కూర్చుని నఖల్ చేసుకోవడానికి ఇజాజత్ ఇస్తారు. సైజు మాత్రం అసలుతో సమానంగా ఉండకూడదు.

నేను ఎంచుకున్నది క్లోద్ మోనే 1873లో వేసిన ఎర్రపూల పొలం. పారిస్ దగ్గర అర్జాంతేయ్‌లో ఆయన కాపురమున్న రోజుల్లోది. 1874లో ఇంప్రెషనిస్టుల మొదటి నుమాయిష్‌లో పెట్టారు, ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉంది. ఆ పూలు మన గసగసాల మొక్కకి చుట్టాలు. షాయరీలో లాలా అంటారే, ఆ ఖాందానే.

పూలంటే రేకులు వెతుక్కుంటాం. దగ్గరగా చూస్తే అందులో ఒక్క రేకూ లేదు. ముందున్నవి బొటనవేలితో అద్దినట్టు పెద్ద ఎర్ర మచ్చలు, వెనక్కి వెళ్ళేకొద్దీ చుక్కలు. కింద ఆకుపచ్చ ఉంది కాబట్టే ఆ ఎరుపు అంత మెరుస్తుంది. అయితే పచ్చ తడిగా ఉండగా ఎరుపు పెడితే రెండూ కలిసి బురద రంగవుతుంది. అవిసె నూనె కలిసిన రంగు ఆరడానికి రోజులు పడుతుంది. కింది పూత టర్పెంటైన్‌తో పల్చగా, పై పూతల్లో నూనె ఎక్కువగా ఉండాలి. తిరగేస్తే పైది ముందే ఆరిపోయి బీటలు తీస్తుంది. సబర్ అంటే ఏమిటో నాకు ఈ నూనె దగ్గర బాగా తెలిసింది.

అసలు ముష్కిల్ రంగుల్లో రాలేదు, మనుషుల్లో వచ్చింది. ఆ పొలంలో నలుగురున్నారు. గట్టు మీద ఒక తల్లీబిడ్డా, కింద గడ్డిలో గొడుగు పట్టుకున్న తల్లీ, ముందు బిడ్డా. మోనే బేగం కమీల్, కొడుకు జాఁ అని చాలామంది అంటారు.

అమ్మీ తస్‌బీ పక్కన పెట్టి అంది: "బేటీ, చెట్లు వేసుకో, పొలం వేసుకో, ఎవరొద్దన్నారు? ఈ జాన్‌దార్ తస్వీరులు ఇంట్లో ఎందుకే?"

అమ్మీ మాట తేలిగ్గా తీసేసేది కాదు. వెయ్యక తప్పదంటే చెట్లని, రూహ్ లేనివాటిని వేసుకోమని ఇబ్నె అబ్బాస్ (రజి.) ఒక చిత్రకారుడికి చెప్పినట్టు హదీసుల్లో ఉంది. నేను బహస్ చెయ్యలేదు. మనుషుల్ని వదిలేసి మిగతాదంతా వేశాను.

వేశాక చూస్తే వాలు లేదు. పైన చిన్నగా, కింద పెద్దగా ఉన్న ఆ రెండు జంటల్ని బట్టే మన నజర్ గట్టు దూరాన్ని కొలుచుకుంటుందట. వాళ్ళు లేకపోతే పైకీ కిందకీ తేడా తెలియడం లేదు. ఈ సంగతి ఏ పుస్తకం చదివినా నాకు ఇంత ఖచ్చితంగా అర్థమయ్యేది కాదు. అమ్మీయే ముందు అంది: "ఇది పొలంలా లేదే, చద్దర్ మీద బూటాల్లా ఉంది."

అప్పుడు ఫోన్‌లో అసలు తస్వీర్‌ని పెద్దది చేసి చూపించాను. అమ్మీ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు, కుంచెతో ఒక్క అద్దు.

"ముఖమే లేదు కదే వీళ్ళకి!"

ముఖం లేని బొమ్మల విషయంలో ఉలమాలో ఇఖ్తెలాఫ్ ఉంది. నేను ఆలిమాని కాను, ఫైసలా చెప్పలేను. అమ్మీ కూడా వెంటనే చెప్పలేదు. అసర్ చదువుకుని వచ్చి, "వేసుకో. నమాజ్ చదివే గదిలో మాత్రం పెట్టకు" అంది.

రంగు ఆరాక, ఒక సాయంత్రం, మగ్రిబ్‌లోపు నలుగురినీ దించేశాను. గొడుగు దగ్గరే ఎక్కువసేపు పట్టింది. ఇప్పుడు పటం వరండాలో ఆరుతోంది. అమ్మీ రోజూ ఒకసారి వచ్చి చూసి, గట్టు మీది పిల్లాడిని మరీ చిన్నగా వేశానంటోంది.