రక్తం కడిగితే రోగం పోతుందా?

ఎమ్మిగనూరు నుంచి రోగిని తెచ్చినవాళ్లు కర్నూలులో ఐ.సి.యు. గుమ్మం దగ్గర నన్ను పట్టుకుని అడిగే మాట ఒకటే: "రగతం కడిగితే విషమంతా పోతాది గదా సార్?" పొలం అమ్మైనా కడిగించాలని వాళ్ల ఆరాటం. ఆ కడగడమేమిటో మీకు చెబుతాను.

మూత్రపిండాలు మొరాయిస్తే రక్తాన్ని గొట్టంతో బయటికి తీసి, వడపోసి, తిరిగి ఒంట్లోకి పంపుతారు. మామూలు డయాలిసిస్ నాలుగు గంటల పని. రక్తపోటు పడిపోయిన రోగి ఆ వేగం తట్టుకోలేడు గనుక రాత్రింబవళ్లు నెమ్మదిగా వడపోస్తారు. ఈ పద్ధతికి 1977లో జర్మనీ వైద్యుడు పీటర్ క్రామర్ దారి చూపాడు.

వడపోత పొర దేనితో చేసేవారనుకున్నారు? పత్తితో! ఆదోని జిన్నింగు మిల్లుల్లో దూది ఒలిచాక గింజకు అంటుకుని పొట్టి నూగు మిగులుతుంది చూశారూ, అలాంటి నూగుతోనే చాలాకాలం ఆ పొర తయారయింది. ఒంటికి హాయిగా ఉండే పత్తి రక్తానికి మాత్రం పరాయిదే. పొర తగలగానే రక్తంలోని రక్షక ప్రోటీన్లు శత్రువొచ్చాడని కేకేస్తాయి. తెల్లకణాలు పరుగెత్తి ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. డయాలిసిస్ మొదలైన కాసేపట్లోనే రక్తంలో వాటి లెక్క బాగా పడిపోయి, తర్వాత మళ్లీ పెరుగుతుందని 1968లోనే గమనించారు. ఇప్పటి కృత్రిమ పొరలతో ఈ గొడవ చాలా తగ్గింది.

మరి ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిన రోగి సంగతి? అతని తెల్లకణాలు మొదట రెచ్చిపోతాయి, ఆపైన సొమ్మసిల్లుతాయి. వాటిని రెచ్చగొట్టే రసాయనాలను వడపోసి పారేస్తే మనిషి దక్కుతాడని వైద్యులూ ఆశపడ్డారు. యూరప్‌లో 140 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 2013లో వెలువడింది. వడపోత రెట్టింపు చేసినా మరణాలు తగ్గలేదు. జల్లెడకు మంచీ చెడూ తెలియవు మరి! మందులూ, పోషకాలూ కూడా జారిపోతాయి. అందుకే యాంటీబయాటిక్ మోతాదు మార్చవలసి వస్తుంది. పైగా బయట తిరిగిన రక్తం చల్లబడి, జ్వరాన్ని మరుగుపరుస్తుంది. ఒళ్లు చల్లబడిందని మురిసిపోకండి.

ఎన్నిసార్లు కడుగుతారని కాదు, ఇవి అడగండి: మూత్రం ఎంత వస్తోంది? చీము ఎక్కడైనా ఉందా, తీశారా? ఏ సూక్ష్మజీవో తేలిందా? ఇంట్లో వాడిన నొప్పి మాత్రల అట్ట కూడా దాచకుండా చూపించండి. మూత్రం సొంతంగా రావడం మొదలైతే యంత్రం ఆపి చూస్తారు. అప్పుడు కంగారుపడి మళ్లీ పెట్టమని పోరకండి.