తీగలేని మీట

మలంచాలోని మా ఇంట తల్లిగారు రాత్రివేళ గోడ తడుముకొంటూ స్విచ్చి వెదకడం మాకు దిగులుగా ఉండేది. అందుచేత ఈఎస్‌పీ8266 బోర్డు ఒకటి తెప్పించాము. 2014లో విపణికి వచ్చిన ఈ చిప్పు 3.3 వోల్టులతో పనిచేస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే అందుకొంటుంది. 230 వోల్టుల దీపాన్ని నేరుగా వెలిగించజాలదు గనుక నడుమ రిలే అమర్చాము.

కరెంటు పోయి వచ్చినప్పుడు దీపం వెలగాలా, ఆరి ఉండాలా అన్నది ప్రోగ్రాములోనే వ్రాయాలి. వెలగాలనే వ్రాశాము, నిద్ర చెడినా ఫరవాలేదు, వృద్ధులు పడితే లేవడం కష్టం. వైఫై ఆగినా పని జరగాలని గోడ స్విచ్చిని తీసివేయక, మెట్లదారి దీపం పద్ధతిలో రిలేతో జోడించాము.

అమ్మగారు ఫోను ముట్టరు. ఆమె దగ్గితే చాలు, పక్క గదినుండి మేమే వెలిగిస్తున్నాము.