కడియం పెరట్లో దుబ్బుల పని

రాజమహేంద్రవరం దాటి కడియం వైపు మళ్లగానే రోడ్డుకు రెండు పక్కలా మొక్కలే. కడియపులంక, బుర్రిలంక, వీరవరం, జేగురుపాడు... ఊరి పేరు మారుతుంది గాని షేడ్‌నెట్ల నీడ, నల్ల కవర్ల వరసలు, లోడెత్తుతున్న లారీలు మారవు. గోదావరి వేసిన ఒండ్రు నేల, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అందిన కాలవ నీరు. ఈ రెండూ లేకపోతే ఇక్కడి నర్సరీలు లేవు. దూర రాష్ట్రాల నుంచి కూడా ఇక్కడికి మొక్కలు కొనడానికి వస్తారు. నేను మాత్రం ఉన్న మొక్కల్ని తవ్వి, విడదీసి, చోటు మార్చే పని చూడడానికి వెళ్లాను.

కారణం ఉంది. పట్నాల్లో నేను చూసే పెరళ్లలో మొక్కలు లేక బోసిపోయినవాటికంటే మొక్కలు కిక్కిరిసినవే ఎక్కువ. ఎప్పుడో ముచ్చటపడి నాటిన లిల్లీ, మెట్టతామర, కలబంద, అరటి ఒకదాని మీదికి ఒకటి ఎక్కేస్తాయి. ఆకు దండిగా ఉంటుంది, పువ్వు ఉండదు. ఇంటివాళ్లు ఎరువు మార్చి చూస్తారు, మందు కొట్టి చూస్తారు. తవ్వి విడదీయాలన్న ఆలోచన మాత్రం రాదు. వచ్చినా, పచ్చగా ఉన్నదాన్ని పెకలించడానికి చెయ్యి రాదు.

కడియపులంకలో ఒక నర్సరీ వెనకే ఆ కుటుంబం ఇల్లు. ఇంటి వెనక పెరట్లో పిలకల కోసం తల్లి మొక్కల్ని పెంచుకుంటున్నారు. అమ్మకాల హడావిడిలో రెండు మూడేళ్లుగా వాటి జోలికి ఎవరూ పోలేదట. కాలు పెట్టే సందు లేదు. నేను వెళ్లింది జూన్ నెలాఖరులో, ఆరుద్ర కార్తె నడుస్తోంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఇంటి పెద్దావిడ అరుగు మీద కూర్చుని పురమాయిస్తున్నారు. మేస్త్రి, ఇద్దరు ఆడకూలీలు పనిలో ఉన్నారు.

“రోహిణి ఎండల్లో ఈ పని పెట్టుకుంటే మొక్క మాడిపోద్దండి. మృగశిరలో నాలుగు వానలు పడి నేల చల్లబడ్డాకే గునపం తీస్తాం” అన్నారు పెద్దావిడ.

తవ్వకం అప్పుడే మొదలుపెట్టలేదు. మేస్త్రి ముందు పెరడంతా తిరిగి, తీయాల్సిన ప్రతి దుబ్బుకూ పాత గుడ్డపీలిక కట్టాడు. కట్టనివాటిని ముట్టుకోవద్దని కూలీలకు గట్టిగా చెప్పాడు. నేల ముందురోజు సాయంత్రమే తడిపి ఉంచారు. కొత్త చోట గోతులు కూడా ముందే తీసి, చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి పెట్టారు. “మొక్కని పైకి తీశాక గొయ్యి తవ్వడం మొదలెడితే వేరు గాలికి ఎండిపోద్దండి. గొయ్యి సిద్ధంగా ఉంటేనే మొక్క మీద చెయ్యి వెయ్యాలి” అన్నాడు. ఇళ్లలో ఈ వరస తలకిందులుగా జరుగుతుంది. మొక్క పెకలించి గట్టు మీద పడేసి, పారకోసం వెతుకుతాం.

మొదటి వంతు మెట్టతామరది. దుబ్బుకు జానెడు దూరంలో గునపం దింపి, చుట్టూ అదే దూరంలో గుచ్చుకుంటూ వచ్చాడు. చివర్లో ఒక పక్కనుంచి ఎత్తాడు. పెద్ద మట్టిగడ్డతో సహా దుబ్బు పైకి లేచింది. కూలీల్లో పెద్దామె చేత్తో మట్టి రాల్చి దాన్ని తిరగేసి నాకు చూపించింది. నడిమధ్య దుంపలు నల్లబడి, నారతేలి, ఒక్క మొలక లేకుండా ఉన్నాయి. ప్రాణమంతా అంచుల్లోనే ఉంది. దుంప ఏటా పక్కలకు జరుగుతూ పోతుంది. మొదట నాటిన చోట ముసలి దుంపే మిగులుతుంది. అంచున ఉన్నవి ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ అదే నీటికీ అదే బలానికీ పోటీ పడతాయి. పైన ఆకులు చూసి ఇదంతా తెలుసుకోవడం కష్టం.

ఆమె కత్తితో అంచు దుంపల్ని ముక్కలు చేసింది. ముక్కకు రెండు కళ్లు తప్పకుండా ఉండాలి. కోసిన చోట పొయ్యి బూడిద అద్ది నీడలో పెట్టింది. తరవాత ఆకుల్ని మూడొంతుల్లో రెండొంతులు కోసేసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. అది నా మొహంలో కనిపించిందేమో, “ఆకు మీద జాలి పడితే మొక్క చచ్చిపోద్దండి” అంది. నిజమే. వేళ్లు సగం తెగాయి. ఆకులన్నీ ఉంటే అవి ఆవిరి చేసే నీటిని ఆ సగం వేళ్లు తోడివ్వలేవు. ఆకు తగ్గిస్తే ఆ భారం తగ్గుతుంది, కొత్త వేరు పట్టేదాకా మొక్క నిలుస్తుంది.

లిల్లీ మడి దగ్గర నేను ఎక్కువసేపు నిలబడ్డాను. నేల సంపెంగ అనీ అంటారు దీన్ని. మెక్సికో నుంచి వచ్చి మన పూలదండల్లో స్థిరపడిన మొక్క. మడినిండా సన్నటి ఆకులే, ఒక్క పూకాడ లేదు. మేస్త్రి ఒక దుబ్బు తీసి నా చేతిలో పెట్టాడు. వెల్లుల్లి గడ్డలా ఒకదానికొకటి అతుక్కుని ఎన్నో పిల్ల దుంపలు. మధ్యలో తల్లి దుంప ముడుచుకుపోయి ఉంది. ఒకసారి పూకాడ వేసిన దుంప మళ్లీ పూయదు. దాని చుట్టూ పుట్టిన పిల్లలే పూయాలి. అవి లావెక్కాలంటే చోటు కావాలి. రెండు మూడేళ్లు తవ్వకుండా వదిలేస్తే పిల్లల మీద పిల్లలు పుట్టి ఏ ఒక్కటీ పూసేంత లావు కాదు. ఎరువెయ్యని లోపం కాదు, తవ్వని లోపం.

పెద్దామె దుంపల్ని రెండు గంపల్లోకి వేరుచేసింది. అడ్డంగా రెండు మూడు సెంటీమీటర్లున్నవి ఒక గంపలోకి, అంతకన్నా చిన్నవి ఇంకో గంపలోకి. కొలబద్ద లేదు, వేళ్లతో నొక్కి చూడడమే. పెద్దవాటిని కొన్నాళ్లు నీడలో ఆరబెట్టి జానెడు ఎడంతో నాటుతారు. చిన్నవి వేరే మడిలో ఒక కాలం పెరగాలి. ఆ చేతుల్ని చూస్తున్నంతసేపూ ఒకటే అనిపించింది. కడియం మొక్కలకు ఉన్న పేరంతా ఇలాంటి ఆడవాళ్ల చేతుల్లోంచి వచ్చింది. పొద్దస్తమానం గొంతుక్కూర్చుని కవర్లు నింపేదీ, పిలకలు తీసేదీ, ఏది బతుకుతుందో చూడగానే చెప్పేదీ వాళ్లే. ఆ నేర్పుకు తగిన కూలి అందాలి.

కుండీల వరసలో స్నేక్ ప్లాంట్లు ఉన్నాయి, అంచున పసుపు చార ఉన్న రకం. ఒకటి కుండీ పగలగొట్టుకుని మరీ పిలకలు వేసింది. ఆకు ముక్కలు గుచ్చితే కూడా బతుకుతుంది కదా అని అడిగాను. బతుకుతుంది గాని, ఆకు ముక్క నుంచి వచ్చే మొక్కకు ఆ పసుపు చార రాదట, ఒట్టి ఆకుపచ్చగానే వస్తుందట. ఆ చార నిలవాలంటే పిలకను వేరుతో సహా విడదీయడం ఒక్కటే దారి. 

అరటి దగ్గర పని తొందరగా అయిపోయింది. సూదిమొన ఆకులున్న పిలకల్ని నాటడానికి తీశారు, వెడల్పాటి ఆకులతో పైకి బలంగా కనిపించేవాటిని నరికేశారు. వాటికి దుంప బలం ఉండదు. కలబంద పిలకల్ని కోసిన చోటు ఎండేదాకా ఒకటి రెండు రోజులు నాటరు. చేమంతి పని పూలకాలం అయిపోయాక ఫిబ్రవరిలోనే జరిగిపోయింది. అప్పుడు తీసిన పిలకలు కవర్లలో నాటడానికి సిద్ధంగా ఉన్నాయి. 

కరివేపాకు కథ వేరు. తల్లి చెట్టు వేరు నుంచి లేచిన పిలకను ఒక్కసారిగా పెకలించలేదు. తల్లికీ పిల్లకీ మధ్య పార దింపి వేరు తెంపి, పిలకను అక్కడే వదిలేశారు. కొన్ని వారాల్లో అది సొంత వేళ్లు పెట్టుకుంటుంది. అప్పుడు మట్టిగడ్డతో తీస్తారు. ఇంట్లో కరివేపాకు పిలక పీకి నాటితే బతకడం లేదనేవాళ్లు ఈ ఒక్క పని చేసి చూడాలి.

మరి గుడ్డపీలిక కట్టనివి? నేను చూసినవాటిలో ఇదే ముఖ్యమైన పాఠం అనుకుంటున్నాను. ఒక మూల బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ దుబ్బు అన్నిటికన్నా ఇరుగ్గా ఉంది. దాన్ని వదిలేశారు. “అది పూస్తోంది కదండీ, ఎందుకు కదపడం?” అన్నారు పెద్దావిడ. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఆ మొక్క ఇరుకులోనే బాగా పూస్తుంది. విడదీస్తే మళ్లీ పూయడానికి ఏడాది, రెండేళ్లు కూడా పట్టొచ్చు. పక్కనే స్పైడర్ లిల్లీలనూ ముట్టుకోలేదు. ఇరుకు అన్ని మొక్కలకూ చేటు కాదు. పూత తగ్గిందా, మధ్యలో బోసిపోయిందా, ఆకు చిన్నదవుతోందా అని చూసుకోవాలి. ఇవేవీ లేకపోతే గునపం పక్కన పెట్టాలి.

సాయంత్రానికి నాటడం మొదలైంది. దుబ్బు ఇంతకు ముందు ఎంత లోతులో ఉందో అంతే లోతు, అంతకు మించి కాదు. చుట్టూ మట్టి అదిమి నీళ్లు పోశారు. తెగిన వేళ్లకు యూరియా తగలనివ్వరు, కొత్త ఆకు విచ్చాకే ఏ ఎరువైనా. పెరట్లో సగం ఖాళీ అయింది. గేటు దగ్గర మిగిలిన పిలకల గుట్ట. నర్సరీకి కావలసినవి తీసుకోగా తక్కినవాటిని పెద్దావిడ వీధిలో వాళ్లకు పంచమన్నారు.

మీ పెరట్లో రెండేళ్లుగా పూయని లిల్లీ దుబ్బు గాని, మధ్యలో ఎండిపోయిన మెట్టతామర గాని ఉంటే ఈ తొలకరిలో ఒక మబ్బు రోజు చూసుకుని తవ్వండి. మొత్తం పెరడు ఒక్కసారే వద్దు, ఒక దుబ్బుతో మొదలుపెట్టండి. గొయ్యి ముందు తీయండి, ఆకు కోయండి, ముసలి దుంపను కంపోస్టులో వేయండి. మిగిలిన పిలకలు పారేయకండి, పక్కింటివాళ్లకు ఇవ్వండి.