తాత డబ్బాలో 9 తూటాలు

ఇది రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. తుపాకీ అన్న మాట వస్తేనే మన ఊళ్లలో నోరు మూసుకుంటాం కదా. కానీ మీలో కొందరి ఇళ్లలోనూ ఇలాంటి డబ్బా ఉండే ఉంటుంది.

మా తాతకి పంట కాపలా కోసం లైసెన్సున్న 12 బోరు ఒంటి గొట్టం తుపాకీ ఉంది. దసరా సెలవులకి ఇంటికెళ్తే, పందులు మొక్కజొన్న తొక్కేస్తున్నాయని, గాల్లోకి ఒక్క మోత మోగిస్తే పోతాయని అటక మీది రేకుడబ్బా దింపాడు. ఎన్నేళ్లవో ఆయనకే గుర్తులేదు. ఇత్తడి అడుగులు పచ్చగా చిలుం పట్టాయి, అట్ట చెమ్మకి ఉబ్బింది. రెండైతే గొట్టంలో దూరనే లేదు. మిగతావి ఎండలో పెడదామన్నాడు బాబాయి. పైన అట్ట ఆరుతుంది గానీ లోపలి మందు మునుపటిలా అవుతుందా? నాకు అనుమానమే, అయినా నోరెత్తలేదు.

మర్నాడు చేలో మొదటిది ‘టిక్’ అంది, అంతే. తాత వెంటనే తెరవబోయాడు. “తాతా, ఆగు!” అని అరిచాను. మందు ఆలస్యంగా అంటుకోవచ్చని, గొట్టం మనుషుల్లేని వైపే పెట్టి ఆగాలని ఎన్‌సీసీ ఫైరింగ్‌లో హవల్దార్ సార్ చెప్పారు. 60 లెక్కపెట్టాక తీశాం.

రెండోది ‘తుస్’మంది. తాత చెయ్యి అప్పటికే మూడోదాని మీద ఉంది. తుపాకీ లాక్కుని, తెరిచి ఖాళీ చేసి, వెనక నుంచి చూశాను. వెలుతురు లేదు. లోపలి బిళ్ల గొట్టం మధ్యలో ఇరుక్కుంది. దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టమే పగిలేది. తాత ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా అక్కడే.

“సదువుకున్నోడివి, ముందే సెప్పొద్దా?” అని తిట్టాడు. తిట్టాల్సిందే. పెద్దోళ్లకి తెలుసులే అనుకున్నాను నేను.

మిగిలిన 8 ఏం చెయ్యాలి? పిన్ని వాగులో పారేద్దామంది. వాగులో ఈదేది మా పిల్లలే. తూటాలు పట్టుకుని ఠాణాకి పోతే తిరిగొస్తామా అని తాత భయం. ముందు ఫోన్ చేసి చెప్పి, లైసెన్సు పుస్తకం పట్టుకుని, సర్పంచ్‌తో కలిసి వెళ్లాం. లెక్క రాసుకుని రసీదిచ్చారు. అంతసేపూ తాత బయట బల్ల మీద చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఒక మాట: లైసెన్సు గడువు దాటినా, లైసెన్సున్న పెద్దాయన చనిపోయినా, 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం లేకుండా దగ్గరి ఠాణాలో అప్పజెప్పాలి. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.

తుపాకీ ఇంకా రిపేరులోనే ఉంది. రాత్రిపూట పందులకి తాత రేకుడబ్బా మోగిస్తున్నాడు. ఆ తూటాల డబ్బానే.