దోహాలో మనవాళ్ల ఆట

ఫుట్‌బాల్‌లో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి హోం మ్యాచ్, రెండోది అవే మ్యాచ్. సొంత ఊళ్లో, సొంత జనం మధ్య ఆడితే హోం. ఎదుటివాళ్ల ఊరికి వెళ్లి ఆడితే అవే. అక్కడ గ్రౌండ్ మనది కాదు, వాతావరణం మనకు అలవాటు లేనిది, గోల్ కొడితే కేకలు వేసే జనం కూడా ఉండరు. అందుకే అవే మ్యాచ్ గెలవడం కష్టమని మా పీఈటీ మాస్టారు చెబుతుంటారు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్ గురించి ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. స్టేడియమంతా మన జట్టుకు వ్యతిరేకంగా అరుస్తుంటే, హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి జట్టు దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి బంగారు పతకం తెచ్చింది. రహీం గారు కూడా ఒకప్పుడు బడిలో మాస్టారే అని చెప్పేటప్పుడు మా మాస్టారి ముఖం వెలిగిపోతుంది.

నేను పరాయి దేశం వెళ్లి చూసిన మ్యాచ్‌లో మాత్రం మనం గెలవలేదు. అయినా దాని గురించి మీ అందరికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మా నాన్న పదకొండేళ్లుగా ఖతార్‌లో డ్రైవర్‌గా పని చేస్తున్నారు. పనివాళ్లను క్యాంపు నుంచి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు కంపెనీ బస్సులో చేరవేస్తారు. రెండేళ్లకోసారి రెండు నెలలు సెలవు మీద మెట్టకూరు వస్తారు. 2023లో రావాల్సింది, సెలవు దొరకలేదు. అదే సమయంలో ఆసియా కప్ ఫుట్‌బాల్ పోటీలు ఖతార్‌లో పెట్టారు. మన జట్టు మొదటి మ్యాచ్ 2024 జనవరి 13న, ఆస్ట్రేలియాతో. నాన్న ఫోన్ చేసి, "నేను రాలేను గానీ మీరే రండి. ఎలాగూ సంక్రాంతి సెలవులు కదా. పాపకి మ్యాచ్ కూడా చూపిద్దాం" అన్నారు.

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. చీటీ పాడి తెచ్చిన డబ్బు మేడమీద గదికి స్లాబు వేయడానికని దాచింది. మూడు రోజులు ఆ మాటే ఎత్తలేదు. చివరికి మా నానమ్మే, "స్లాబు వచ్చే ఏడాదైనా పడుద్ది. పిల్ల వాళ్ల నాన్నని చూసి రెండేళ్లు దాటింది, వెళ్లి రండే" అంది. దాంతో ప్రయాణం ఖాయమైంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఫుట్‌బాల్ విషయంలో నాన్నకీ నాకూ ఒక పేచీ ఉంది. నాకు ఆట చూపించింది ఆయనే. కానీ నేను ఆడతానంటే మాత్రం, "చూడ్డానికి బాగుంటుంది తల్లీ, ఆడటానికి నువ్వేమన్నా మగపిల్లాడివా? తొమ్మిదిలోకి వచ్చాక ఇక మానెయ్యాలి" అనేవారు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. అంటే నాకు ఇంకా నాలుగు నెలలే మిగిలాయి.

యానాం నుంచి బస్సులో కాకినాడ, అక్కడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్, శంషాబాద్‌లో విమానం. నాలుగు గంటలకు పైగా ఆకాశంలోనే ఉన్నాం. అమ్మ మొత్తం దారిలో పచ్చడి సీసా మూత ఊడిందేమోనని భయపడుతూనే ఉంది. దోహాలో దిగాక గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకున్నాం. బయట నాన్న నిలబడి ఉన్నారు. వీడియో కాల్‌లో కనిపించని తెల్లవెంట్రుకలు అప్పుడు కనిపించాయి. నాన్న ఉండేది క్యాంపులో కాబట్టి మమ్మల్ని మా మేనమామ వాళ్ల ఇంట్లో ఉంచారు.

మ్యాచ్ రోజు శనివారం. నాన్నకి సెలవు కాదు. వేరే డ్రైవర్‌తో డ్యూటీ మార్చుకున్నారు. దానికి బదులు రెండు శుక్రవారాలు పని చేయాలి. టికెట్ మనిషికి 25 రియాళ్లు, అంటే మన డబ్బుల్లో సుమారు 570 రూపాయలు. అమ్మ మనసులోనే మూడుతో గుణించుకుని ఊరుకుంది.

మెట్రో ఎక్కి అల్ రిఫా స్టేషన్‌లో దిగాం. రైలంతా నీలం జెర్సీలే. మలయాళం, హిందీ, తమిళం, బెంగాలీ, మధ్యలో తెలుగు. ఒకాయన మా మాటలు విని, "ఏ ఊరండి?" అని అడిగారు. నాన్న "యానాం అండి" అనగానే, "మాది అమలాపురం. అయితే మనోళ్లే" అని నాకొక చిన్న జెండా ఇచ్చారు. అప్పుడు నాకనిపించింది, ఇది అవే మ్యాచ్ ఎలా అవుతుందని. లెక్కప్రకారం దోహా రెండు జట్లకీ పరాయి ఊరే. కానీ ఖతార్‌లో ఉండే విదేశీయుల్లో మన దేశం వాళ్లే ఎక్కువ. ఆ రోజు స్టేడియానికి 35 వేల మందికి పైగా వచ్చారు. నా కంటికి ఎటు చూసినా నీలం రంగే.

ఆ స్టేడియం పేరు అహ్మద్ బిన్ అలీ. ఎడారి అంచున ఉంటుంది. 2020 డిసెంబరులో ప్రారంభించారు. 2022 ప్రపంచ కప్ మ్యాచ్‌లు కూడా అక్కడ జరిగాయి. గేటు దగ్గర నాన్న ఒక్క నిమిషం ఆగారు. "ఇది కట్టేటప్పుడు రోజూ తెల్లారకముందే జనాన్ని ఇదిగో ఇక్కడే దింపేవాణ్ణి. లోపల ఎలా ఉంటుందో ఇవాళే చూడ్డం" అన్నారు. లోపలికి వెళ్లాక కుర్చీ మీద చెయ్యి వేసి చూసుకున్నారు. పైకప్పు చూశారు. పచ్చగడ్డి చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా పక్క సీట్లో ఒక మలయాళీ అంకుల్ కూర్చున్నారు. మాది పుదుచ్చేరి కింద వస్తుందని నాన్న చెబితే ఆయన నవ్వి, తమ ఊరి పక్కనే ఉన్న మాహే కూడా అంతేనన్నారు. చుట్టూ కేరళ, పాలన పుదుచ్చేరిది. మా యానానికి చుట్టూ ఆంధ్ర, రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల. ఒకప్పుడు ఫ్రెంచి వాళ్లు పాలించిన ఊళ్లు కాబట్టి ఇలా వచ్చాయని సోషల్ పుస్తకంలో చదివిన పాఠం దోహాలో గుర్తొచ్చింది.

జట్లు మైదానంలోకి వచ్చాయి. అప్పుడు నేను చూశాను, రెఫరీ ఒక ఆడమనిషి! ఆమె పేరు యోషిమి యమషిత, జపాన్ దేశస్థురాలు. లైన్ల మీద జెండాలు పట్టుకున్న ఇద్దరూ ఆడవాళ్లే. పురుషుల ఆసియా కప్‌లో ఒక మహిళ రెఫరీగా ఉండటం అదే మొదటిసారి. నాన్నకి చూపించాను. "అవునా?" అని కళ్లు చిట్లించి చూశారు. ఇరవై ఇద్దరు మగవాళ్ల మధ్య ఆమె ఒక్కతే పరుగెత్తుతోంది. విజిల్ ఊదితే ఆట ఆగుతోంది. ఆటగాళ్లు కోపంగా చేతులూపినా ఆమె ముఖం మారలేదు.

జనగణమన పాడేటప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. బడిలో రోజూ పాడతాం కదా, అక్కడ ఎందుకో వేరేగా ఉంది. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆస్ట్రేలియా అప్పుడు ప్రపంచ ర్యాంకుల్లో 25వ స్థానంలో ఉంది, మనం 102లో ఉన్నాం. 2011లో దోహాలోనే ఇదే ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా మనల్ని 4-0తో ఓడించింది. ఆ మ్యాచ్ ఆడిన సునీల్ ఛెత్రి ఈసారి మన కెప్టెన్. ఆయన పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 16వ నిమిషంలో కుడివైపు నుంచి వచ్చిన బంతిని ఆయన తలతో కొట్టారు. అందరం లేచి నిలబడ్డాం. బంతి పక్కకు పోయింది. అంతమంది ఒకేసారి "అయ్యో" అంటే ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను. హాఫ్ టైంకి 0-0. మా గ్యాలరీలో గెలిచినంత సంబరం. డప్పులు ఆగలేదు.

రెండో సగంలో 50వ నిమిషంలో ఇర్విన్, 73వ నిమిషంలో బోస్ గోల్స్ కొట్టారు. 2-0. నాకు ఏడుపొచ్చింది. ఇక జనం వెళ్లిపోతారనుకున్నాను. మా వరుసలో ఒక్కరూ లేవలేదు. డప్పు ఇంకా గట్టిగా మోగింది. "ఓడిపోతున్నాం కదా, ఇంకా ఎందుకు అరుస్తున్నారు?" అని నాన్నని అడిగాను. "పరాయి ఊళ్లో పని చేసేవాడికి, మనవాళ్లెవరో ఒకరు చూస్తున్నారంటే చాలమ్మా" అన్నారు. ఆ మాట ఆటగాళ్ల గురించే అన్నారో, తన గురించి అన్నారో నేను అడగలేదు.

మేము 17న తిరిగి వచ్చేశాం. తర్వాతి రెండు మ్యాచ్‌లు మెట్టకూరులో ఫోన్‌లోనే చూశాను. 18న ఉజ్బెకిస్తాన్ చేతిలో 3-0, 23న సిరియా చేతిలో 1-0. మూడు మ్యాచ్‌ల్లో మనకి ఒక్క గోల్ కూడా రాలేదు. కానీ ఒక విచిత్రం గమనించాను. మొదటి మ్యాచ్‌కి 35 వేలు దాటిన జనం, రెండోదానికి 38 వేలు, మూడోదానికి 42 వేలు దాటారు. ఓడేకొద్దీ జనం పెరిగారు! మన మైదానాల్లో గెలిస్తేనే చప్పట్లు కొడతాం. వాళ్లు మాత్రం సెలవులు మార్చుకుని, మెట్రోలెక్కి, మళ్లీ మళ్లీ వచ్చారు.

దోహా నుంచి బయల్దేరే ముందురోజు నాన్న నన్ను ఒక షాపుకి తీసుకెళ్లారు. ఏం కొంటారో చెప్పలేదు. లోపలికి వెళ్లాక, "నీ కాలు సైజెంత?" అని అడిగారు. ఫుట్‌బాల్ బూట్లు కొన్నారు. ఒక సైజు పెద్దవి తీసుకున్నారు, వచ్చే ఏడాదికి కూడా సరిపోవాలని. పేచీ గురించి ఆయన ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. అమ్మ ధర చూసి, "స్లాబు ఇంకో ఏడాది వెనక్కి పోయింది" అని నవ్వింది.

ఇప్పుడు నేను తొమ్మిదో తరగతి. మన బడిలో ఆడపిల్లల జట్టు తయారవుతోంది. ప్రస్తుతం తొమ్మిది మందిమి ఉన్నాం, ఇంకా ఇద్దరు కావాలి. గోల్‌కీపర్ అసలే లేదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎవరైనా రావచ్చు, బూట్లు లేకపోయినా పర్వాలేదు. తల్లిదండ్రులకి కూడా ఒక మనవి. మేము వేరే ఊరి బడికి ఆడటానికి వెళ్లే రోజున, వీలైతే ఒక్కరైనా మాతో రండి. గెలుస్తామని మాట ఇవ్వలేం. మీరు గట్టు మీద నిలబడితే చాలు.