నడుం నొప్పికి మాత్ర మింగుతున్నారా?

పలాస, టెక్కలి మధ్య తారురోడ్డు మీద నా తేలికపాటి మోటారు సైకిలు హాయిగా పోతుంది. ఉద్దానం జీడితోటల ఇసుకదారిలోకి దిగితేనే నడుం పట్టేస్తుంది. ఒక మే నెల రాత్రి, డాక్టర్ని అయి ఉండీ, నొప్పి మాత్ర కోసం చెయ్యి చాచాను. పొద్దుటి నుంచి సరిగా నీళ్లే తాగలేదని గుర్తొచ్చి ఆగిపోయాను.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది. ఉద్దానం జబ్బుకు అసలు కారణం మాత్రం ఇంకా తేలలేదు. తెలిసిన ముప్పునైనా తప్పించుకుందాం.

ఇసుకలో ఫుట్‌రెస్టుల మీద లేచి, మోకాళ్లు కాస్త వంచి నడపండి; నడుముకు కుదుపు తగ్గుతుంది. మధ్యమధ్య ఆగి నీళ్లు తాగండి. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి. మాత్ర కూడా ఆయన్ని అడిగాకే!